ఎనిమిదిన్నర జావ

పోయిన వారం రేవతిని తిరుపతి ఆస్పత్రిలో బరువు మిషను మీద నిలబెట్టి మనం పక్కకొచ్చేసినాం. పాపం, ఆమె ఇంకా ఆడనే ఉండాది. కాళ్ళ కింద ఎర్రంకెలు డెబ్బై ఏడు దాటి ఇంకో మూడొందల గ్రాములు చూపిస్తా ఉండాయి. దిగి మళ్ళీ ఎక్కింది. చెప్పులిడిసి ఎక్కింది. మెళ్ళో గొలుసు తీసి చేతిలో పట్టుకోని ఎక్కింది. చేతిలో ఉన్న గొలుసు బరువు యాడికి పోతాదని ఆమె ఆలోచించలే, మనమూ అడగొద్దు. మూడు వారాలుగా ఆ అంకె కిందికి దిగడమే లేదు.

మధ్యలో వచ్చి కూర్చున్నోళ్ళకు రెండు మాటలు చెప్పేస్తా. ఏర్పేడులో మోటార్లకు వైండింగు చేసే మునికృష్ణ పెండ్లామే ఈ రేవతి. మునికృష్ణకు రెండు కిడ్నీలూ పోయినాయి. సోమ, బుధ, శుక్రవారాలు తిరుపతికి పోయి రక్తం కడిగించుకోని వస్తా ఉండాడు. రేవతి తన కిడ్నీ ఒకటి ఇస్తానని ముందుకొచ్చింది. గ్రూపు కలిసింది, పరీక్షలన్నీ కలిసినాయి, కలవనిది బరువొక్కటే. ఎనభై ఒక్క కిలోలుండే మనిషి డెబ్బై రెండుకు దిగాల. అంతకంటే ఎక్కువుంటే కోసినాక ఇచ్చిన మనిషికే ప్రమాదమని పెద్ద డాక్టరు చెప్పేసినాడు. దీపావళి లోపల దిగితే సరి, లేకుంటే పరీక్షలన్నీ మొదటినుంచీ చెయ్యాలంట. అంతవరకూ మునికృష్ణ ఒళ్ళు తట్టుకుంటాదో లేదో ఎవరూ చెప్పలేరు.

మొదటి నెల నాలుగు కిలోలు దిగింది. ఆ తర్వాత ఏమయిందో ఏమో, బండి ఆగిపోయింది.

పగటి ఆకలిని రేవతి లెక్క పెట్టదు. కాలేజీ హాస్టల్లో నాలుగొందల మందికి వండే చోట ఆమెకు పని. కాగిన నూనె వాసన, ఎర్రగా వేగే వడలు, పెద్ద గిన్నెల్లో సాంబారు, అన్నిటి మధ్యా పొద్దు పోయిందాకా తిరిగి ఒక్కటీ నోట్లో వేసుకోకుండా వస్తాది. రాత్రి తొమ్మిదైతే మాత్రం ఆమె ఆమె కాదు. పండుకుంటే కడుపు లేపుతాది. అల్మారాలో మురుకుల డబ్బా ఉన్న సంగతి కండ్లు మూసుకున్నా కనిపిస్తాది. అటు తిరిగితే పక్కన మునికృష్ణ. దినానికి ముప్పాతిక లీటరు నీళ్ళు దాటకూడదని ఆయనకు కట్టడి. నోరెండిపోయి, ఒక ఐసు ముక్క దవడన పెట్టుకోని, ఫ్యాను పక్క చూస్తా ఉంటాడు. ఆయనకు దప్పిక, ఈమెకు ఆకలి. ఇద్దరూ నిద్రపోయినట్టు ఒకరికొకరు నటిస్తా ఉంటారు.

అట్లాంటి రాత్రులు దాటుకోని వచ్చిన మనిషికి ఆ మూడొందల గ్రాములు ఎక్కువ కనబడితే ఎట్లుంటాదో మీరే అనుకోండి.

మిషను పక్కన లోహిత నిలబడి ఉండాది. ఆ ఆస్పత్రిలో ఎవరేం తినాలో చెప్పే పిల్ల ఆమె, ముప్పై లోపలే వయసు, రేవతిని అక్కా అని పిలుస్తాది. అంకె రాసుకోని, రేవతిని తన గదిలోకి పిలుచుకోనిపోయి తలుపు మూసింది. తలుపు మూసేది రేవతికి నచ్చలే.

"అక్కా, ఒకటి అడుగుతా. తప్పుగా అనుకోవద్దు" అనింది లోహిత. "నీకు ఇయ్యడం ఇష్టం లేకుంటే నాతో చెప్పు. ఈ గదిలో మాట ఈ గదిలోనే ఉంటుంది. ఈమె ఇయ్యడానికి పనికిరాదని మేమే రాసిచ్చేస్తాం. కారణం మీ ఇంట్లో ఎవరికీ తెలియదు."

రేవతి మూసిన తలుపు పక్క చూసింది. లోహితే మళ్ళీ అందుకుంది.

"నిన్నొక్కదాన్నే అడగడం లేదక్కా. ఇచ్చే ప్రతి మనిషినీ ఇట్లనే అడుగుతాం. ఇంట్లోవాళ్ళ మొహం చూసి కాదనలేక, ఆ మాట బయటకు చెప్పలేక, తినేసే వాళ్ళున్నారు. వాళ్ళను తప్పు పట్టలేం."

రేవతికి కోపం రావాల. వచ్చింటే బాగుండు, నాలుగు మాటలని లేచొచ్చేసి ఉండేది. కోపం బదులు గుండెలో దిగులు పడింది. ఎందుకంటే ఆ అనుమానం లోహితకంటే ముందర ఆమెకే వచ్చింది. మూడు వారాలుగా ఏం చేసినా దిగని బరువును చూసి, నోరు ఇస్తానంటా ఉంటే ఒళ్ళు వద్దంటా ఉందేమోనని ఆమె తనలో తానే కుమిలిపోతా ఉండాది. ఆ మాట పైకి చెబితే నిజమైపోతాదని భయం.

"భయముండాది మేడం" అనింది చివరికి. "లేదంటే అబద్ధం. కోస్తారంటే భయమే. ఆపరేషన్ అయినాక లేస్తానా లేదా అనిపిస్తాది. అయినా ఇయ్యాలనే ఉండాది. ఆ మనిషి గుక్కెడు నీళ్ళకు నా పక్కన కొట్టుకులాడతా ఉంటే నేను చూస్తా పండుకోలేను. నోరు ఒకటి చెప్పి ఒళ్ళు ఇంకొకటి చేస్తా ఉంటే నేనేం చేసేది?"

చెప్పేసరికి కండ్లెమ్మటి నీళ్ళు దిగినాయి. లోహిత కుర్చీ దగ్గరికి లాక్కుంది. ఆమె మొహంలో అనుమానం పోయింది.

"సరే. అయితే దొంగను పట్టుకుందాం. పుస్తకం తియ్యి."

తిన్నదల్లా రాయమని మొదటి దినమే ఒక పుస్తకం ఇచ్చి ఉండాది. రేవతి ఒక్క దినం తప్పకుండా రాసింది. పొద్దున రెండిడ్లీలు. మధ్యాన్నం ఒక గరిటె అన్నం, చిక్కుడుకాయ కూర. రాత్రి ఏడుకు ఒక చపాతీ, బీరకాయ. ఒక ఆదివారం నాడు సగం మురుకు తిని, దాన్ని కూడా రాసి, పక్కన రెండు చుక్కలు పెట్టింది. లోహిత పేజీలు తిప్పుతా తల అడ్డంగా ఊపింది.

"ఇంతే తింటే బరువు పెరగడానికి లేదక్కా. అసలు ఇది చాలదు కూడా. మధ్యాన్నం ఒంటిగంట తర్వాత రాత్రి ఏడుదాకా ఏమీ లేదు. అందుకే తొమ్మిదికి అంత ఆకలి. నాలుగ్గంటలకు ఒక ఉడికిన గుడ్డు తిను."

"పెరటాసి నెల మేడం, సామికి మొక్కే నెల. గుడ్డు ముట్టం."

"అయితే ఉడకబెట్టిన శనగలు తిను, గుప్పెడు. రాత్రి ఆకలైతే ఏం చేస్తా ఉండావు?"

"ఏం చెయ్యను. ఎనిమిదిన్నరకు జావ తాగి పండుకుంటా. అయినా తొమ్మిదికే లేస్తాది."

లోహిత పెన్ను ఆగింది. "జావా? అది ఇందులో లేదే."

"తిన్నవి గదా మేడం రాయమనింది. జావ తాగేది."

ఇది విని మీరు నవ్వుకుంటారు. నవ్వుకోండి, ఏం పోయె. ఆ ఇంటి సంగతి తెలిస్తే అంత తేలిగ్గా నవ్వరు. రేవతి అత్త చంద్రకాంతమ్మ నలభై ఏండ్లుగా పెరటాసి శనివారాలు ఒక్కపొద్దు ఉండే మనిషి. ఆ ఒక్కపొద్దుకు ఒక చట్టం ఉండాది. అన్నం ఒక పూటే. ఇడ్లీ, ఉప్మా టిఫిన్లే గానీ తిండి కాదు. పాలు, కాఫీ, జావ తాగేవి, వాటినసలు లెక్కలోకే తీసుకోరు. పద్దెనిమిదేండ్లు ఆ ఇంట్లో మెలిగిన రేవతికి ఆ చట్టం ఒంటబట్టిపోయింది. డాక్టర్లు రాయమంటే టిఫిను రాసింది, అదే గొప్ప.

"ఆ జావ ఎవరు చేస్తారు?"

"మా అత్త. మూడు వారాలుగా ఆమే చేసిస్తా ఉండాది. నిండా బాగుంటాది మేడం."

"పలచని రాగి జావ నిండా బాగుండదక్కా" అనింది లోహిత. నవ్వలే. "ఈ పొద్దు జావ కాచేటప్పుడు నువ్వు పక్కన నిలబడి చూడు. ఇంకొకటి. రాత్రి ఆకలి వేసిందంటే నువ్వు ఓడిపోయినట్టు కాదు. పది నిమిషాలు ఆగు. అప్పటికీ కడుపే అడుగుతా ఉంటే ఒక కీరకాయ తిని పలచని మజ్జిగ తాగు. భయంతో లేచిన ఆకలైతే లేచి నాకు మెసేజీ పెట్టు."

తిరుపతి నుంచి ఏర్పేడుకు బస్సులో కూర్చున్నంతసేపూ రేవతి మూడు వారాలను వెనక్కి తిప్పుకుంటా ఉండాది. బరువు ఆగిపోయి మూడు వారాలు. అత్త జావ మొదలుపెట్టి మూడు వారాలు. ఛ, అత్త మీద అనుమానమేందని తనను తానే తిట్టుకుంది. సొంత కొడుకు బాగుపడేది చంద్రకాంతమ్మకు ఇష్టం లేకుండా ఉంటాదా?

రాత్రి ఎనిమిది కావస్తా ఉండాది. మామూలుగా ఆ వేళకు రేవతి దొడ్లో గుడ్డలు మడుస్తా ఉంటాది. ఈ పొద్దు మడత పెట్టిన చీరె చేతిలోనే ఉంచుకోని వంటింటి గడప కాడ నిలబడింది. లోపల చంద్రకాంతమ్మ పొయ్యి ముందర ఉండాది. సన్నటి మనిషి, అరవై ఏడేండ్లు, షుగరు మనిషి. ఒక్కపొద్దు కాబట్టి నొసట నామం తీర్చి ఉండాది. గిన్నెలో రాగి పిండి కలిపిన నీళ్ళు పొంగుకొస్తా ఉంటే, ఊరగాయ జాడీ వెనకనుంచి ఒక స్టీలు డబ్బా తీసింది. మూత తీయగానే వేయించిన చెనిక్కాయల, అంటే వేరుశనగ గింజల, వాసన గడపదాకా వచ్చింది. ఒక గరిటె. రెండు. మూడు. దాని మీద గట్టి నెయ్యి ఒక పెద్ద స్పూను.

"అత్తా, అదేంది?"

చంద్రకాంతమ్మ ఉలికిపడి తిరిగింది. డబ్బా దాచబోయి, కోడలు చూసేసినాక దాచడమేందని ఆగిపోయింది.

"ఏముండాదే. పొడి."

"ఏం పొడి?"

"చెనిక్కాయ గింజలు, జీడిపప్పు. వేయించి ఆడించింది. బలానికి."

"రోజూ వేస్తా ఉండావా?"

"రోజూనే."

రేవతి చేతిలో చీరె గడప మీద పడింది. "అత్తా, చపాతీలో నూనె చుక్క కూడా మానేసి ఆకలికి తలదిండు కొరుక్కోని పండుకుంటా ఉండానే. ఆదివారం సగం మురుకు తిని పాపం చేసినట్టు ఏడ్చినానే. నువ్వు చూస్తానే ఉండావు గదా."

"చూసినాను కాబట్టే వేస్తిని" అనింది చంద్రకాంతమ్మ. గొంతులో బెరుకు లేదు, ఉక్రోషం ఉండాది. "వాణ్ణి కనింది నేను. నేనిస్తానంటే షుగరుండాది, నీది పనికిరాదు పోమ్మా అనేసిరి. ఇచ్చేది నువ్వు. ఎవరో కన్న బిడ్డవు. నీ అమ్మ బతికుంటే నన్ను అడగదా? నా బిడ్డ కడుపు మాడ్చి నీ కొడుకును బతికించుకుంటివా అని అడగదా? రాత్రిళ్ళు నువ్వు గోడ పక్కకు తిరిగి కడుపు పట్టుకుంటే నాకు నడవలో తెలుస్తాది. నా ఇంట్లో నా కోడలు ఆకలితో పండుకుంటే నా కంటికి నిద్ర యాడొస్తాది? నేను నీకు ఇంకేమియ్యగలను చెప్పు. ఒక గ్లాసుడు జావ."

రేవతి కోపమంతా ఆ మాటకు జారిపోయింది. గడపలోనే చతికిలబడింది. ముందర ఏడుపొచ్చింది, తర్వాత నవ్వొచ్చింది, రెండూ కలిసొచ్చేసరికి చంద్రకాంతమ్మకు భయమేసింది.

"ఏమయిందే నీకు?"

"నా ఒళ్ళు వద్దనలేదత్తా" అనింది రేవతి. "అదొక్కటే నాకు కావాల. ఇన్ని దినాలూ నాలోనే ఏదో దొంగబుద్ధి ఉండాదని, ఇయ్యడం ఇష్టం లేకనే బరువు దిగలేదని అనుకుంటిని. ఈ పొద్దు ఆస్పత్రిలో అదే అడిగినారు, ఇష్టం లేకుంటే చెప్పమని. నేను తాగింది జావ కాదత్తా. రోజూ ఇంకో పూట భోజనం."

"అయితే ఏం? బలమే గదా."

"డెబ్బై రెండుకు దిగకుంటే ఆపరేషనే లేదత్తా. దీపావళి దాటితే మళ్ళీ మొదటినుంచీ. నీకెవరూ చెప్పలేదా?"

చంద్రకాంతమ్మ చేతిలో గరిటె గిన్నె అంచుకు తగిలింది. పొయ్యి ఆర్పింది. ఆర్పి, అట్లనే గోడకానుకోని నిలబడిపోయింది. కొడుకును బతికించే ఆపరేషన్‌కు తన చేత్తో తానే అడ్డం పడి ఉండానని అర్థమయ్యేదానికి ఆమెకు కొంచెం సేపు పట్టింది. ఆ మొహం చూసి రేవతే లేచి దగ్గరికి పోయింది.

"పోతే పోనీ అత్తా. మొదటి నెల నాలుగు కిలోలు దిగినాను గదా, ఇంకా ఐదు వారాలుండాయి. ఐదు కిలోలు. దిగతాను." ఆ మాట ఆమె అత్తను ఊరడించేదానికి అనలే, నిజంగానే ఆమెకు అట్లనే అనిపించింది. మూడు వారాల్లో మొదటిసారి గుండె తేలికైంది. "రేపట్నుంచి జావ నువ్వే చెయ్యి. నా ముందర. ఒక స్పూను పిండి, మిగతావన్నీ నీళ్ళు, మజ్జిగ. ఆకలేస్తే నడవలోకొచ్చి నీ పక్కన కూర్చుంటా. నువ్వు నాకేదన్నా కబుర్లు చెప్పు. కొమ్మూరోళ్ళ కోడలి సంగతి చెప్పు, దాంతో ఒక గంట పోతాది."

చంద్రకాంతమ్మ నవ్వలే. కొంగు చివర వేలికి చుట్టుకుంటా, విప్పుతా ఉండాది.

"ఇంకొకటుండాది రేవతీ."

"ఏంది?"

"చెప్పనని ఒట్టు పెట్టినాను. కానీ ఈ పొద్దు శనివారం. ఒక్కపొద్దు నోటితో అబద్ధం చెప్పలేను, నిజం దాచినా అబద్ధమే." ఆమె నొసటి నామం మీద చెయ్యి పెట్టుకుంది. "నువ్వు ఆకలితో పండుకునేది చూసి నేను బాధపడిన మాట నిజం. కానీ పొడి ఆలోచన నాది కాదు. నాకు చెనిక్కాయలు ఆడించే మిల్లు యాడుండాదో కూడా తెలీదు."

"మరి ఎవరిది?"

"నీ మొగుడిదే. ఆ డబ్బా తెచ్చి నా చేతిలో పెట్టినాడు. ఆపరేషన్‌కు ముందర ఆమెకు బలముండాల, డాక్టర్లే చెప్పినారు, చెబితే తాగదు, నువ్వే కలిపియ్యమ్మా అనినాడు. అయిపోతే మళ్ళీ నింపి తెచ్చినాడు. నిన్న కూడా తెచ్చినాడు."

పెద్ద డాక్టరు డెబ్బై రెండు అని చెప్పిన దినం రేవతి పక్క కుర్చీలో కూర్చోనుండింది మునికృష్ణే. ఇంగ్లీషులో రాసిచ్చిన కాగితాన్ని బస్సులో ఆమెకు తెలుగులో చదివి వినిపించింది మునికృష్ణే. పొరపాటు పడేదానికి సందే లేదు. ఆ అంకె ఈ ఇంట్లో ఆమెకంటే ఆయనకే బాగా తెలుసు. ఆమెను కోయనిచ్చేదానికి మనసు రాక, వద్దని నోటితో చెప్పలేక, ఆ జావతో ఆపుతా ఉండింది ఆయనే.

వాకిట్లో స్కూటరు ఆగింది. స్టాండు వేసిన చప్పుడు. అంగడి మూసి ఆయన ఈ వేళకే వస్తాడు. వచ్చి లోపల అడుగు పెట్టకముందే ఒక మాట అడుగుతాడు. తన నోరు ఎండిపోతా ఉన్నా నా కడుపు సంగతి అడుగుతాడే అని, మూడు వారాలుగా ఆ మాటకు రేవతి మురిసిపోతా ఉండాది. ఆమె గ్లాసు ఖాళీ అయ్యేదాకా పక్కనే కూర్చోని చూసేవాడు.

"రేవతీ, జావ తాగినావా?"

చంద్రకాంతమ్మ కోడలి చెయ్యి పట్టుకుంది. రేవతి మెల్లగా విడిపించుకోని, పొయ్యి మీద ఉన్న చిక్కటి జావను గ్లాసు నిండా వంచింది. పైన నెయ్యి తేలి మెరుస్తా ఉండాది. గ్లాసు పట్టుకోని వాకిట్లోకి నడిచింది.

"ఇంకా తాగలేదయ్యా" అనింది. "నీకోసమే ఉంచినా. అట్ల కూర్చో. ఈ పొద్దు నువ్వు తాగమంటేనే తాగతా. నా కండ్లల్లోకి చూసి తాగమను."